ఎస్‌వీసీ సిండ్రోమ్: స్టెంటా, రేడియేషనా, కీమోనా?

తల, మెడ, చేతుల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర సుపీరియర్ వీనా కేవా. దాని గోడ పలచన, లోపల పీడనం తక్కువ. పక్కన గడ్డ పెరిగితే ఇట్టే నొక్కుకుపోతుంది. ఇలా ఈ సిరకు అడ్డు పడటమే ఎస్‌వీసీ సిండ్రోమ్. ముఖం ఉబ్బడం, మెడ సిరలు తేలడం, వంగినా పడుకున్నా ఆయాసం పెరగడం దీని గుర్తులు. ఎక్కువ మందిలో కారణం క్యాన్సరే, ముఖ్యంగా ఊపిరితిత్తుల క్యాన్సర్, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్).

ఉబ్బిన ముఖం చూసి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి, వెంటనే ఏదో ఒకటి మొదలుపెట్టమంటారు. కానీ చాలామందికి ఒకటి రెండు రోజులు ఆగే వ్యవధి ఉంటుంది. ఆ లోగా తల ఎత్తులో పెట్టి పడుకోబెట్టి, కాంట్రాస్ట్ సీటీ (సిరలు స్పష్టంగా కనిపించే మందు ఎక్కించి తీసే స్కాన్), బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించాలి. అడ్డు ఎక్కడుందో సీటీ చెబుతుంది. ఏ క్యాన్సరో బయాప్సీయే తేల్చాలి.

ఆగలేని వాళ్లూ ఉంటారు. ఊపిరి తీస్తుంటే గొంతులో కీచుమని శబ్దం వస్తున్నా, మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నా అది ఎమర్జెన్సీ. అప్పుడు నా ఓటు స్టెంట్‌కే, అంటే సిరను తెరిచి ఉంచే జాలీ గొట్టానికే. తొడ దగ్గరి సిర గుండా వెళ్లి, ఇరుకైన చోటును తెరిచి అమరుస్తారు. గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఉపశమనం కనిపిస్తుంది. పైగా బయాప్సీ ఫలితం చెడదు. అయితే స్టెంట్ క్యాన్సర్ గడ్డను కరిగించదు. అందులో రక్తం గడ్డకట్టవచ్చు, అది జారవచ్చు, అరుదుగా సిర చిరిగి గుండె చుట్టూ రక్తం చేరవచ్చు.

ఒకప్పుడు ఇలాంటి రోగులకు ముందే రేడియేషన్ ఇచ్చేసేవారు. దాని ప్రభావం తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బయాప్సీకి ముందే ఇస్తే కణాలు మారిపోయి, జబ్బు ఏదో తేల్చడం కష్టమవుతుంది. స్టెరాయిడ్లతోనూ ఇదే చిక్కు, లింఫోమాను కప్పేస్తాయి. కీమోకు అంతగా లొంగని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో మాత్రం రేడియేషన్‌కు మంచి చోటుంది.

బయాప్సీలో స్మాల్ సెల్ క్యాన్సరో (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం), లింఫోమాయో, జెర్మ్ సెల్ ట్యూమరో (అండ, వీర్య కణాలకు మూలమైన కణాల నుంచి పుట్టే గడ్డ) అని తేలి, రోగి నిలకడగా ఉంటే కీమోనే మేలు. ఒకటి రెండు వారాల్లో వాపు తగ్గడం మొదలవుతుంది, అసలు జబ్బుకూ వైద్యం అందుతుంది. చాలామందికి స్టెంట్ అవసరమే రాదు.

క్యాన్సర్ లేకుండా, మెడ దగ్గర సిరలో పెట్టిన సన్నని గొట్టం (క్యాథెటర్) వల్లో పేస్‌మేకర్ తీగల వల్లో రక్తం గడ్డకట్టి ఇలా అయితే లెక్క వేరు. అక్కడ ముందు రక్తం పలచబడే మందులు, అవసరమైతే ఆ రక్తపు గడ్డను కరిగించే మందులు. క్యాథెటర్‌తో ఇక పని లేకపోతే తీసేస్తారు. సిర లోపల మచ్చకట్టి ఇరుకు మిగిలిపోతే అప్పుడే స్టెంట్ గురించి ఆలోచిస్తారు.