నేరుగా అప్‌డేట్‌స్టాక్ కొట్టాలా, ఛేంజ్ సెట్ పెట్టాలా: ఏది మేలు?

సర్వర్లు, డేటాబేస్‌ల లాంటివి ఏమేం కావాలో టెంప్లేట్ అనే ఫైల్‌లో రాసిస్తే వాటిని లేపి పెట్టేది ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) క్లౌడ్‌ఫార్మేషన్, అలా లేపినదంతా కలిపి ఒక స్టాక్. నడుస్తున్న స్టాక్‌ని కోడ్ నుంచి మార్చాలంటే రెండు దారులున్నాయి. అప్‌డేట్‌స్టాక్ అనే ఏపీఐ కాల్ (కోడ్ నుంచి పంపే ఆదేశం) ఒక్కటి కొడితే మార్పు వెంటనే మొదలైపోతుంది. రెండోది ఛేంజ్ సెట్: ముందు క్రియేట్‌ఛేంజ్‌సెట్, తర్వాత డిస్క్రైబ్‌ఛేంజ్‌సెట్‌తో ఏమేం మారబోతున్నాయో చదువుకోవడం, నచ్చితేనే ఎగ్జిక్యూట్‌ఛేంజ్‌సెట్. ఇది 2016లో వచ్చింది. నా మాట ముందే చెప్పేస్తాను: డేటాబేస్ గానీ, జనం వాడుతున్న సర్వర్ గానీ ఉన్న స్టాక్ అయితే ఛేంజ్ సెట్టే వాడండి. పొద్దున లేపి సాయంత్రం తీసేసే డెవ్ స్టాక్ అయితే నేరుగా కొట్టండి, తప్పేం లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తేడా పట్టించుకోక ఒకసారి రాత్రంతా కూర్చున్నాను. ముంబై రీజియన్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతాన్ని రీజియన్ అంటారు) ఒక క్లయింట్ స్టాక్ ఉండేది. టెంప్లేట్‌లో రెండే పారామీటర్లు (బయటినుంచి ఇచ్చే విలువలు), ఒకటి సర్వర్ సైజు, ఇంకొకటి అలారం మెయిల్ ఎవరికి వెళ్లాలో ఆ అడ్రస్. మెయిల్ ఒక్కటే మార్చాలి. బోటో3లో (ఏడబ్ల్యూఎస్‌కి పైథాన్ లైబ్రరీ) అప్‌డేట్‌స్టాక్ కాల్ రాసి, పాత టెంప్లేటే వాడమని చెప్పి, పారామీటర్ల లిస్టులో మెయిల్ ఒక్కటే పంపాను. పంపనివి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి కదా అనుకున్నాను. ఉండవు. పంపని పారామీటర్‌కి టెంప్లేట్‌లో డిఫాల్ట్ ఉంటే అదొచ్చి కూర్చుంటుంది. డిఫాల్ట్ లేకపోతే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రరే నయం, కనీసం అక్కడ ఆగుతాం. మా సర్వర్ ఎం5.లార్జ్ మీద నడుస్తోంది, టెంప్లేట్‌లో డిఫాల్ట్ ఎప్పుడో టెస్టింగ్‌కి పెట్టిన టీ3.మీడియం. క్లౌడ్‌ఫార్మేషన్ చెప్పిన పని చేసింది: సర్వర్‌ని ఆపింది, సైజు తగ్గించింది, మళ్ళీ స్టార్ట్ చేసింది. ఎలాస్టిక్ ఐపీ (మారకుండా ఉండే పబ్లిక్ అడ్రస్) లేకపోవడంతో పబ్లిక్ ఐపీ కూడా మారిపోయింది, సైట్ పేరుని ఐపీకి కలిపే డీఎన్‌ఎస్ మాత్రం పాత ఐపీకే పంపుతోంది. మెయిల్ అడ్రస్ మారిస్తే సైట్ ఎందుకు పడిపోయిందో అర్థం కావడానికే నాకు గంట పట్టింది.

అదే పని ఛేంజ్ సెట్‌తో చేసి ఉంటే ఏం కనిపించేది? మెయిల్‌కి సంబంధించిన ఎంట్రీ ఒకటి వచ్చేది, అది ఊహించిందే. దాని పక్కనే ఇంకో ఎంట్రీ ఉండేది: యాక్షన్ దగ్గర మాడిఫై, రిసోర్స్ దగ్గర మా సర్వర్ పేరు, మారుతున్న ప్రాపర్టీ ఇన్‌స్టన్స్‌టైప్, రీప్లేస్‌మెంట్ దగ్గర కండిషనల్ (అంటే పాతది పోయి కొత్తది రావొచ్చు, రాకపోవచ్చు). మెయిల్ మార్చడానికి వచ్చినవాడికి లిస్టులో సర్వర్ పేరు కనబడితే చెయ్యి దానంతటదే ఆగుతుంది. అప్‌డేట్‌స్టాక్‌లో ఆ ఆగే చోటే లేదు. అది తిరిగి ఇచ్చేది స్టాక్ ఐడీ, అంతేగానీ మార్పుల లిస్టు కాదు. అది చేతికొచ్చింది కాబట్టి పని అయిపోయిందని కూడా కాదు, పని అప్పుడే మొదలైందని. అయిందో లేదో తెలియాలంటే స్టాక్ ఈవెంట్లు చూస్తూ ఉండాలి, లేదా పని అయ్యేదాకా అడుగుతూ ఉండే బోటో3 వెయిటర్ పెట్టుకోవాలి. ఆ వెయిటర్ మామూలుగా 30 సెకన్లకోసారి చొప్పున 120 సార్లు అడిగి, గంట దాటితే వదిలేస్తుంది. పెద్ద డేటాబేస్ మార్పు ఉన్నప్పుడు ఆ గంట చాలకపోవచ్చు.

పారామీటర్ల సంగతి ఇక్కడే పూర్తి చేస్తాను, ఎందుకంటే రెండు దారుల్లోనూ ఈ గుంట ఉంది. మార్చని ప్రతి పారామీటర్‌కీ యూజ్‌ప్రీవియస్‌వాల్యూ (పాత విలువే వాడు) ట్రూ అని పంపాలి. కొందరు డిస్క్రైబ్‌స్టాక్స్ నుంచి ఇప్పుడున్న విలువలు చదివి, వాటినే తిరిగి పంపేస్తుంటారు. అలా చేయకండి. పాస్‌వర్డ్ లాంటి వాటికి టెంప్లేట్‌లో నోఎకో (విలువ బయటికి చూపించొద్దు అనే సెట్టింగ్) పెట్టి ఉంటే, చదివినప్పుడు విలువ బదులు నక్షత్రం గుర్తులే (****) వస్తాయి. వాటినే తిరిగి పంపితే అవే కొత్త పాస్‌వర్డ్ అనుకుంటుంది. విలువలు కాకుండా పారామీటర్ల పేర్లు మాత్రమే తీసుకుని, ప్రతి పేరుకీ యూజ్‌ప్రీవియస్‌వాల్యూ పెట్టి, మార్చాల్సిన దానికి మాత్రం కొత్త విలువ ఇవ్వాలి. నాలుగు లైన్ల లూప్, అంతే.

ఇక అసలు భయపడాల్సింది రీప్లేస్‌మెంట్ గురించి. క్లౌడ్‌ఫార్మేషన్‌లో మార్పులు మూడు రకాలు: ఏ ఆటంకం లేకుండా జరిగేవి, కాసేపు ఆగి జరిగేవి, కొత్తది పెట్టి పాతది తీసేసేవి. మూడోది ఏ ప్రాపర్టీకి వస్తుందో అందరికీ గుర్తుండదు. ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీస్) డేటాబేస్‌కి టెంప్లేట్‌లో ఇచ్చిన పేరు మారిస్తే, అంటే డీబీఇన్‌స్టన్స్ఐడెంటిఫయర్ మారిస్తే, పేరు మారడం కాదు జరిగేది. కొత్త డేటాబేస్ లేస్తుంది, స్టాక్ దాన్ని పట్టుకుంటుంది, చివర్లో క్లీనప్‌లో పాతది పోతుంది. పేరులో ఒక గీత సరిచేద్దామనుకున్నవాడు ఖాళీ డేటాబేస్ ముందు నిలబడతాడు. ఛేంజ్ సెట్‌లో ఇది రీప్లేస్‌మెంట్: ట్రూ అని వస్తుంది, ఆ ఒక్క మాట చదివినందుకే ఈ పద్ధతి మొత్తం గిట్టుబాటు అయినట్టు. దీనితోపాటు టెంప్లేట్‌లో డేటాబేస్‌కి అప్‌డేట్‌రీప్లేస్‌పాలసీ కూడా పెట్టండి, స్నాప్‌షాట్ (కాపీ తీసి ఉంచు) అనో రిటెయిన్ (పాతది అలాగే ఉంచు) అనో. డిలీషన్‌పాలసీ (స్టాక్‌లోంచి తీసేసినప్పుడు ఏం చేయాలో చెప్పేది) ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు కానీ అప్‌డేట్‌లో పాతది పోయి కొత్తది వచ్చే సందర్భానికి అది వర్తించదు.

అలాగని ఛేంజ్ సెట్ అన్నీ చెప్పేస్తుందని నమ్మకండి. ఏం మారబోతోందో చెబుతుంది, ఆ మార్పు సక్సెస్ అవుతుందని హామీ ఇవ్వదు. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చాక ముంబై నుంచి అక్కడికి స్టాక్‌లు మార్చుకున్నవాళ్ళకి ఇది బాగా తెలిసే ఉంటుంది: ఏఎమ్‌ఐ (సర్వర్‌ని లేపే మూల ఇమేజ్) ఐడీలు రీజియన్‌కి ఒకలా ఉంటాయి. ముంబై ఐడీని కాపీ కొట్టి హైదరాబాద్ స్టాక్‌లో పెడితే ఛేంజ్ సెట్ తయారైపోవచ్చు, సర్వర్‌కి రీప్లేస్‌మెంట్ ట్రూ అని కూడా రాస్తుంది, ఎగ్జిక్యూట్ చేశాక గానీ ఆ ఐడీ లేదని బయటపడదు. అప్పుడు రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే స్టాక్ పాత స్థితికి వెనక్కి వెళ్తుంది, పాత సర్వర్ అలాగే ఉంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు, టైమ్ పోతుందంతే. అకౌంట్ లిమిట్లు, పర్మిషన్లు కూడా ఇదే బాపతు. ఇంకో మాట, మామూలు ఛేంజ్ సెట్ పాత టెంప్లేట్‌తో కొత్త టెంప్లేట్‌ని పోలుస్తుంది. ఎవరైనా కన్సోల్‌లోకి వెళ్లి చేత్తో సెక్యూరిటీ గ్రూప్ (ఫైర్‌వాల్ నియమాలు) మార్చేసి ఉంటే అది ఇందులో తెలియదు, దానికి డ్రిఫ్ట్ డిటెక్షన్ (టెంప్లేట్‌కీ అసలున్నదానికీ తేడా పట్టే చెక్) విడిగా నడపాలి. ముఖ్యమైన స్టాక్ అయితే ముందు డ్రిఫ్ట్ చూసుకుని, తర్వాతే ఛేంజ్ సెట్ పెట్టుకోవడం నా అలవాటు.

రోల్‌బ్యాకే ఫెయిలైతే? రెండు దారుల్లోనూ ఒకటే. స్టాక్ అప్‌డేట్_రోల్‌బ్యాక్_ఫెయిల్డ్ దగ్గర ఇరుక్కుంటుంది, కంటిన్యూఅప్‌డేట్‌రోల్‌బ్యాక్ కాల్‌తో బయటికి లాగాలి.

నేరుగా కొట్టే పద్ధతికీ దాని మంచి దానికుంది. కోడ్ చిన్నది, కాల్ ఒక్కటే. ఛేంజ్ సెట్‌కి కనీసం మూడు కాల్స్, మధ్యలో అది తయారయ్యేదాకా ఆగడం, వాడనివాటిని డిలీట్ చేయడం, ఇవన్నీ రాసుకోవాలి. మార్పేమీ లేనప్పుడు కూడా రెండూ వేరువేరుగా ఉంటాయి. అప్‌డేట్‌స్టాక్ అయితే చేయాల్సిన అప్‌డేట్లు లేవంటూ వాలిడేషన్ ఎర్రర్ విసురుతుంది, ఛేంజ్ సెట్ అయితే తయారవుతూనే ఫెయిల్డ్ స్టేటస్‌లోకి వెళ్లి, కారణం దగ్గర మార్పులు లేవని రాస్తుంది. ఈ ఒక్క కేసు పట్టుకోకపోతే పైప్‌లైన్ (మార్పుల్ని ఆటోమేటిగ్గా నడిపే వరస) ఊరికే ఎర్రగా మారి టీమ్‌కి అనవసరమైన టెన్షన్.

టీమ్ పెద్దదైతే మాత్రం ఛేంజ్ సెట్‌కి ఇంకో బలం ఉంది. ఐఏఎమ్‌లో (ఏడబ్ల్యూఎస్ పర్మిషన్ల వ్యవస్థ) క్రియేట్‌ఛేంజ్‌సెట్ పర్మిషన్ అందరికీ ఇచ్చి, ఎగ్జిక్యూట్‌ఛేంజ్‌సెట్ ఇద్దరు ముగ్గురికే ఉంచొచ్చు. కొత్తగా చేరినవాళ్ళు భయం లేకుండా మార్పు తయారుచేస్తారు, అనుభవమున్నవాళ్ళు చదివి ఓకే చేస్తారు. అప్‌డేట్‌స్టాక్‌లో ఇలా విడదీయడానికి వీల్లేదు, పర్మిషన్ ఉంటే మొత్తం ఉన్నట్టే.

ఇలాంటి పనే చేసే వేరే టూల్ టెరాఫార్మ్ సంగతేంటని అడుగుతారు కాబట్టి ఒక మాట. అక్కడ ప్లాన్, అప్లై కూడా ఇదే ఆలోచన, పైగా ప్లాన్ వేసేముందు నిజంగా అక్కడ ఏముందో చదువుతుంది, అది మేలే. కానీ మధ్యలో ఫెయిలైతే దానంతటది వెనక్కి తిప్పదు, సగం మారింది సగంలోనే ఉంటుంది, ఏమేం లేపిందో రాసి ఉంచుకునే స్టేట్ ఫైల్‌ని కాపాడుకునే బాధ్యతా మీదే. ఇప్పటికే క్లౌడ్‌ఫార్మేషన్‌లో ఉన్నవాళ్ళు ఈ ఒక్క కారణంతో మారిపోవాలని నేను అనను.

ఇప్పుడు నా స్క్రిప్ట్‌లో ఛేంజ్ సెట్ తయారవగానే ప్రతి ఎంట్రీ చదివే ముక్క ఒకటుంది. యాక్షన్ రిమూవ్ అయినా, రీప్లేస్‌మెంట్ ట్రూ లేదా కండిషనల్ అయినా ఎగ్జిక్యూట్ చేయకుండా ఆగిపోయి, ఆ రిసోర్స్ పేరు ప్రింట్ చేసి, పేరు టైప్ చేయమని అడుగుతుంది. అవును కాదు అని అడిగితే వేలు అలవాటుగా వై నొక్కేస్తుంది, డేటాబేస్ పేరు మొత్తం టైప్ చేయాలంటే మాత్రం ప్రతి అక్షరం చూసుకుంటాం.