కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా? సౌదీకి పోయేవాళ్లకు ఏది మేలు?

మొన్న ఒక పిల్లగాడు నా జిరాక్స్ షాపుకు వచ్చి ఫోన్‌లో వీసా కాపీ చూపించాడు. "అన్నా, జర చూడు. మంచిదేనా?" అన్నాడు. వృత్తి అన్నచోట అరబీలో 'సాయక్ ఖాస్' అని ఉంది. అంటే ఇంటి డ్రైవర్.

"నీకు డ్రైవింగ్ వచ్చా?"

"బైక్ వస్తదన్నా."

మెట్‌పల్లి వైపు ఇది కొత్త ముచ్చట కాదు. నెలకు పది మందైనా ఇదే ప్రశ్నతో వస్తారు, వాట్సాప్‌లో అడిగేవాళ్లు వేరే. చెప్పిందే చెప్పి నోరు నొస్తోంది, అందుకే ఒకసారి రాసి పెడుతున్నా. నేను 2007లో సౌదీ పోయి 2022లో తిరిగొచ్చాను. మొదటి నాలుగేళ్లు కంపెనీ వీసా, తర్వాత ఏడేళ్లు ఆజాద్, చివరి నాలుగేళ్లు మళ్లీ కంపెనీ. రెండు దిక్కులా తిన్న బువ్వ తెలుసు, తిన్న దెబ్బలూ తెలుసు.

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, అకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. ఇవి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆజాద్ వీసా అనే వీసా సౌదీ చట్టంలో ఎక్కడా లేదు. అకామా ఒకడి పేరు మీద, పని ఇంకొకడి దగ్గర: ఈ ఏర్పాటుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు అది. కాగితం మీద అది 'సాయక్ ఖాస్' అని ఉంటుంది, 'ఆమిల్ మంజిలి' అంటే ఇంటి పనివాడు అని ఉంటుంది, లేదా ఏదో చిన్న సంస్థలో కూలీ అని ఉంటుంది. సౌదీ కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం కఫీల్ తన మనిషిని వేరేచోట పనికి వదలడమూ తప్పే, ఆ మనిషి వేరేచోట చేయడమూ తప్పే. దొరికితే పంపించేసేది మాత్రం మనల్నే.

మరి ఇన్నేళ్లుగా జనం ఎందుకు పోతున్నారు? పైసల కోసం. అది అబద్ధం కాదు, నేను పోయిందీ అందుకే. కంపెనీలో నాకు 900 రియాళ్లు ఇచ్చేవాళ్లు. నాతో పాటు టైల్స్ పని నేర్చుకున్నవాడు బయట రోజుకు వంద సంపాదిస్తుంటే క్యాంపులో పడుకుని ఆ లెక్కే వేసుకునేవాణ్ని, నిద్ర పట్టేది కాదు.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. అంకెలు నాకు తెలిసినంతలో వేస్తున్నవి, ఊరిని బట్టి, పనిని బట్టి మారతాయి. మీవి మీరు పెట్టుకోండి. పని వచ్చిన మేస్త్రీకి కంపెనీలో బేసిక్ 1,200, తిండికి 300, ఓవర్‌టైమ్ కలిపి నెలకు 1,800 చేతికొస్తుంది అనుకుందాం. రూమ్, బస్సు, అకామా, మెడికల్ ఇన్సూరెన్స్ కంపెనీవే. తిండికి, ఫోన్‌కు 500 పోతే 1,300 ఇంటికి పంపొచ్చు. అదే మేస్త్రీ బయట రోజుకు 130 అడిగితే ఇస్తారు. నెలంతా పని దొరకదు, 22 రోజులు దొరికితే 2,860. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇందులో బెడ్‌స్పేస్‌కు 250, తిండికి 450, పోనురాను ఖర్చులకు, ఫోన్‌కు 200, కఫీల్‌కు నెలనెలా కట్టేది 300 తీసేస్తే 1,660 మిగులుతుంది. అయినా కంపెనీ కంటే ఎక్కువే.

కానీ అకామా ఖర్చు ఇంకా తీయలేదు.

మన ఊళ్లల్లో వీసా అమ్మేవాడు మింగేసే ముచ్చట ఇదే. సంస్థల పేరు మీద ఉన్న విదేశీ కార్మికులకు సౌదీ ప్రభుత్వం పన్ను వేసింది. 2012 నవంబరులో నెలకు 200 రియాళ్లతో మొదలైంది. 2018లో 400, 2019లో 600, 2020 నుంచి 800. సౌదీల కంటే విదేశీయులు ఎక్కువున్న సంస్థలకు ఇది. 2018 నుంచి సౌదీలు ఎక్కువున్నా కట్టాలి, వంద తక్కువ. ఫ్యాక్టరీలకు, చిన్న సంస్థలకు మినహాయింపులు ఉన్నాయి గానీ నీ కఫీల్‌కు మినహాయింపు వచ్చినా ఆ లాభం నీ దాకా రాదు. నెలకు 800 అంటే ఏడాదికి 9,600. అకామా ఫీజు 650 కలిపితే 10,250. రియాల్‌కు 22 రూపాయలు వేసినా రెండు లక్షల పాతిక వేలు దాటుతుంది. కంపెనీ వీసా అయితే ఇది కంపెనీ కడుతుంది. ఆజాద్ అయితే నువ్వే కట్టాలి. నెలకు 854 చొప్పున పక్కన పెడితే ఇందాకటి 1,660లో మిగిలేది 806. కంపెనీలో 1,300 అనుకున్నాం. 2018లో నా కఫీల్ అకామాకు పన్ను, దాని మీద తన వాటా కలిపి 7,000 అడిగినప్పుడు నేను ఎగ్జిట్, అంటే పూర్తిగా వచ్చేసే వీసా, కొట్టించుకుని ఇంటికొచ్చి కంపెనీ వీసా తీసుకున్నది ఈ లెక్క వల్లే.

ఇంటి వీసాలకు ఈ పన్ను పడదు. నలుగురి దాకా పెట్టుకున్న సౌదీ ఇంటికి అసలే లేదు, ఏడాదికి అకామా 600తో అయిపోతుంది. అప్పుడు మిగిలేది నెలకు 1,610, కంపెనీ కంటే 310 ఎక్కువ. అందుకే నా షాపుకు వచ్చే ఆజాద్ కాగితాలు ఈమధ్య దాదాపు అన్నీ డ్రైవర్లు, ఇంటి పనివాళ్లే. బైక్ మాత్రమే వచ్చిన పిల్లగాడు డ్రైవర్ అయింది ఇట్లనే.

ఇప్పుడు ప్రశ్న, ఆ 310 రియాళ్ల కోసం ఏం పోగొట్టుకుంటున్నాం? నాకైతే తీర్పు ఇక్కడే ఉంది, జీతంలో కాదు.

ఆజాద్ అన్న పేరు వచ్చింది స్వేచ్ఛ నుంచి. అప్పట్లో కంపెనీ వీసా మీద పోతే రెండేళ్లు కట్టేసినట్టే. జీతం ఇవ్వకపోయినా, చెప్పిన పని వేరే ఇచ్చే పని వేరే అయినా, కఫీల్ కాగితం ఇవ్వనిదే ఇంకో కంపెనీకి మారలేవు, వాడు వీసా కొట్టనిదే ఇంటికి రాలేవు. 2007లో నేను చూసింది అదే. అప్పుడు ఆజాద్ మేలు అన్నవాళ్లను నేను తప్పు పట్టను. కానీ 2021 మార్చి 14న ఈ రూల్ మారింది. కంపెనీ వీసా మీద ఉన్నవాళ్లు ఏడాది నిండాక, నోటీసు ఇచ్చి, పాత కంపెనీ ఒప్పుకోకపోయినా సౌదీ కార్మిక శాఖ కివా పోర్టల్ ద్వారా కొత్త కంపెనీకి మారొచ్చు. వరసగా మూడు నెలలు జీతం రాకపోతే, అకామా గడువు దాటిపోతే ఏడాది ఆగే పని కూడా లేదు. సెలవుకు ఇంటికొచ్చి మళ్లీ పోయే రీఎంట్రీ వీసా ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ అబ్షిర్‌లో సొంతంగా పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఎవరికి వర్తించవో తెలుసా? ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు. అంటే ఇప్పుడు స్వేచ్ఛ కంపెనీ కాగితంలో ఉంది, ఆజాద్ అని లక్షన్నరకు అమ్ముతున్న కాగితంలో లేదు. పేరు చూసి మోసపోవడం అంటే ఇదే.

ఇక రెండోది, పడిపోయే రోజు. 2015లో దమ్మామ్‌లో నా రూమ్‌మేట్ ఒకతను ప్లాస్టరింగ్ చేస్తూ పరంజా మీది నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కాంట్రాక్టర్ ఆసుపత్రి గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. ఫైలు రాసేవాడు అకామా చూసి, "డ్రైవర్‌వి కదా, పరంజా ఎందుకెక్కావు?" అని అడిగాడు. కఫీల్‌కు ఫోన్ చేస్తే "నేను అక్కడికి పొమ్మనలేదు" అన్నాడు. కాంట్రాక్టర్‌ను అడిగితే "వాడెవడో నాకు తెలియదు" అన్నాడు. ఇద్దరివీ కాగితం ప్రకారం నిజాలే. సంస్థలో చేసేవాడికి పని ప్రమాదాల కోసం యజమాని గోసీ అనే బీమా సంస్థకు జీతంలో రెండు శాతం కడతాడు. ఇంటి వీసా వాళ్లు అందులోకే రారు. చివరికి రూమ్‌లలో చందా వేసుకుని అతన్ని ఇంటికి పంపించాం. ఇప్పటికీ కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు, మా షాపు ముందు నుంచే వెళ్తాడు.

2013 కూడా చెప్పాలి. ఏప్రిల్ నుంచి నవంబరు 3 దాకా కాగితాలు సరిచేసుకోమని గడువిచ్చారు. నాలుగో తారీకు నుంచి తనిఖీలు. నా అకామా మీదున్న సంస్థ ఎక్కడో ఖసీమ్‌లో, నేను ఉన్నది దమ్మామ్‌లో. తొమ్మిది రోజులు రూమ్‌లో లైటు వేయకుండా, గొంతు పెంచకుండా, ఖుబూస్ రొట్టె, ఉల్లిగడ్డ తిని ఉన్నాం. ఆ తొమ్మిది రోజుల కూలీ ఏ లెక్కలోనూ ఉండదు.

ఆ రూమ్‌లోనే ఒక యెమెన్ అతను ఉండేవాడు. రెండేళ్లకు వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది. గల్ఫ్ దేశాలు ఏవీ 1951 శరణార్థుల ఒప్పందంలో లేవు. బాంబులు పడి పారిపోయి వచ్చినవాడికి కూడా అక్కడ కఫీల్ కావాలి, లేదంటే ఆర్నెల్లకోసారి కొత్త చేయించుకునే విజిటర్ కార్డు. నేను ఎగ్జిట్ కొట్టించుకున్నానని చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా దుప్పటి, కుక్కర్ తనకు ఇచ్చిపొమ్మని అడిగాడు.

కంపెనీలన్నీ మంచివని కాదు. 2016లో జెద్దాలో ఒక పెద్ద నిర్మాణ కంపెనీ చేతులెత్తేస్తే వేలమంది మనవాళ్లు నెలల తరబడి జీతం లేక, క్యాంపుల్లో తిండి లేక ఉండిపోయారు. అప్పటి విదేశాంగ సహాయ మంత్రి వీకే సింగ్ అక్కడికి పోవాల్సి వచ్చింది. మ్యాన్‌పవర్ సప్లై కంపెనీలైతే నీ జీతంలో కొంత మధ్యలోనే తినేస్తాయి, వాటికి కొంచెం దూరంగానే ఉండండి. కానీ కంపెనీ ముంచినప్పుడు కేసు పెట్టడానికి, ఎంబసీకి చూపించడానికి చేతిలో కాంట్రాక్టు ఉంటుంది. సర్వీసు పైసలూ ఉంటాయి: మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత ఏడాదికి నెల జీతం. మధ్యలో రాజీనామా చేస్తే తగ్గుతుంది. ఆజాద్‌గా చేసిన ఏడేళ్లకు నాకు వచ్చింది సున్నా.

ఆజాద్ ఎవరికైనా మేలా అంటే, ఏసీ మెకానిక్‌లాగా చేతిలో గట్టి పని ఉండి, అరబీ మాట్లాడుతూ, కఫీల్ సొంత మనిషిలాంటి వాడైతే నడిచిపోతుంది. అలాంటివాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరూ నన్ను అడగకుండానే పోయారు.

దుబాయ్ విజిట్ వీసా సంగతి. డిగ్రీ ఉండి, అక్కడ తిండి పెట్టే బంధువు ఉంటే పోయి ఉద్యోగం వెతుక్కోవచ్చు, దొరికితే అక్కడే వీసా మార్చుకోనిస్తారు. చదువుకున్నవాళ్ల కోసం 2022 నుంచి ఉద్యోగాన్వేషణ వీసానే వేరుగా ఉంది. కూలీ పనికి మాత్రం వద్దు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా, ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు, అయిపోయి తర్వాతి ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూపులు. పోయినసారిది 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నడిచింది, మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. పది పాస్ కాని పాస్‌పోర్ట్ వాళ్లకు ఇంకో నష్టం. కంపెనీ వీసా మీద కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ ద్వారా పోతే 275 రూపాయలకు రెండేళ్లు 10 లక్షల బీమా వస్తుంది. విజిట్ మీద పోతే అదీ లేదు.

కడప, రాజంపేట నుంచి అడిగేవాళ్లకు: కువైట్‌లో మీరు చెప్పే 20 నంబరు, 18 నంబరు కూడా ఇదే కథ. 20 ఇంటి వీసా, 18 కంపెనీ వీసా. 2024లో రెండు నెలలు 20 నుంచి 18కి మారనిచ్చారు, అలాంటి తలుపు మళ్లీ తెరుస్తారని నమ్ముకుని పోవద్దు. ఖతార్‌లో 2020 నుంచే కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదు, కనీస జీతం 1,000 రియాళ్లు, కాబట్టి అక్కడ ఆజాద్ కొనడం శుద్ధ దండగ. ఇజ్రాయెల్, సింగపూర్ గురించి నాకు అనుభవం లేదు, తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం అంటే అది మోసం, ఫోన్ పెట్టేయండి.

సౌదీ వీసా కాపీ చేతికొచ్చాక వృత్తి చదివించుకోండి, తర్వాత కఫీల్ నంబరు చూడండి. 7తో మొదలైతే సంస్థ, 1తో మొదలైతే మనిషి. రిజిస్టర్డ్ ఏజెంట్ అయితే ఫీజు 30,000, జీఎస్టీతో 35,400 మించకూడదు. అంతకు మించి అడిగితే రశీదు అడగండి, సగం మంది అక్కడే లేచిపోతారు.

ఆ పిల్లగాడి నంబరు 1తోనే మొదలైంది. ఇదంతా చెప్పాను. "వీసా మా బావ పంపిండన్నా, యాభై వేలు ఇచ్చిన. ఇప్పుడు కాదంటే మా అక్క ఏమంటది?" అన్నాడు. పోయాడు. పోయిన వారం రియాద్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. కఫీల్ హురూబ్, అంటే పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు, పెట్టాడో లేదో ఎట్లా తెలుస్తుందని అడుగుతున్నాడు. సొంతంగా అబ్షిర్ ఖాతా తెరిచి వారానికోసారి చూసుకో, దానికి నీ అకామా మీద తీసుకున్న సిమ్ కావాలి అని చెప్పాను. సిమ్ బావ పేరు మీద ఉందట.