కానమారా నుంచి ఎరిస్ దాకా: ఒక స్పీచ్ థెరపిస్టు బసలు

ఐర్లాండ్ పశ్చిమ తీరంలో ఊరూరా తిరిగే స్పీచ్ థెరపిస్టు ఉద్యోగం గురించి మనవాళ్ళు అడిగేటప్పుడు జీతం, వీసా, రిజిస్ట్రేషన్ ముందు వస్తాయి. ఎక్కడ ఉంటారన్న ప్రశ్న చివరికి గాని రాదు. గాల్వే, మేయో కౌంటీల్లో మూడు చలికాలాలు గడిపిన తర్వాత బస సంగతే ముందు తేల్చుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. మాది చెవితో చేసే పని. ఒక పిల్లవాడు ఒక శబ్దాన్ని పలకలేకపోతున్నాడా, లేక ఆ ఊళ్ళో అందరూ దాన్ని అలాగే పలుకుతారా అన్నది తేలాలంటే, ఆ ఊరి మాట పొద్దున్నా సాయంత్రమూ మన చెవిన పడుతూ ఉండాలి. అందువల్ల నేను ఉన్న ఇళ్ళను అద్దె, వెచ్చదనం, స్నానాలగది లెక్కలతో పాటు, అక్కడ నాకు ఎంత మాట వినిపించింది అన్న లెక్కతో కూడా తూచి చెబుతున్నాను.

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదివిన నాకు ఇక్కడ నేరుగా పని మొదలుపెట్టడం కుదరలేదు. కోరు అనే నియంత్రణ సంస్థ మన చదువును పరిశీలించి, గుర్తించి, రిజిస్టరులో పేరు చేర్చుకున్నాకే ఆ వృత్తి పేరు వాడుకోవాలి. ఇది అందరికీ తెలిసిన మాటే. చాలామందికి తెలియనిది డ్రైవింగ్ లైసెన్సు సంగతి. మన దేశపు లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. ఇక్కడ స్థిరపడేవారు రాత పరీక్ష రాసి, లెర్నర్ పర్మిట్ తీసుకుని, బండి నడిపి చూపించే పరీక్ష కూడా గట్టెక్కాలి. వారంలో నాలుగు ఊళ్ళు తిరగవలసిన వారికి ఇదే మొదటి గుమ్మం కాబట్టి, ఉద్యోగం ఒప్పుకున్న రోజే దీన్ని మొదలుపెట్టడం మంచిది. ఎడమవైపు నడపడం మనకు అలవాటే గాని, రెండువైపులా రాతిగోడలు ఉండి ఒక్క బండి మాత్రమే పట్టే దారుల్లో ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎంతదూరం వెనక్కి నడపాలో ముందే చూసి పెట్టుకోవడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసిన విద్య.

మొదటి చలికాలం గాల్వే కౌంటీ పడమటి భాగమైన కానమారాలోని క్లిఫ్డెన్‌లో గడిచింది. గాల్వే నగరం నుంచి బస్సులో గంటన్నరకు పైగా ప్రయాణం. ఒకప్పుడు రైలు కూడా ఉండేది, 1895లో వచ్చి 1935లో ఆగిపోయింది. వెనుక ట్వెల్వ్ బెన్స్ కొండలు, ముందు సముద్రం, చుట్టూ బురదనేలలు. ఊళ్ళో మందుల దుకాణం, గ్రంథాలయం, పెద్ద కిరాణా దుకాణం, చిన్న ఆసుపత్రి అన్నీ నడిచి చేరేంత దూరంలోనే ఉన్నాయి. సౌకర్యం ఒక్కటే చూసుకుంటే నేను ఉన్న మూడు ఊళ్ళలో ఇదే మేలు. మొదటి రెండు వారాలు ఒక బీఅండ్‌బీలో, అంటే పడకతో పాటు పొద్దుటి ఫలహారం కూడా ఇచ్చే ఇంట్లో ఉన్నాను. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ శాకాహారినని తెలుసుకుని గుడ్డు కూడా పక్కన పెట్టి పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేడిగా ఇచ్చేది. అయితే బీఅండ్‌బీలో వినిపించేది పర్యాటకుల మాట. ఊరి మాట కాదు. ఆ తర్వాత తీసుకున్న ఇల్లు వేసవిలో సెలవులకు వచ్చేవారికి ఇచ్చే కాటేజీ. చలికాలంలో అవి ఖాళీగా ఉంటాయి కనుక తక్కువ అద్దెకు ఇస్తారు, వేసవి మొదలయ్యేసరికి ఖాళీ చేయమంటారు. ఒప్పందం మీద ఆ తేదీ స్పష్టంగా రాయించుకోకపోవడం నా పొరపాటు. వేసవి కోసం కట్టిన గోడలు కాబట్టి జనవరిలో ఎంత ఆయిల్ కాల్చినా వెచ్చదనం నిలిచేది కాదు. అంతకన్నా పెద్ద లోటు, ఆ వరుసలో ఇంకెవరూ లేకపోవడం. సాయంత్రం ఐదు తర్వాత మనిషి గొంతు వినకుండా గడిచిన రోజులు చాలా ఉన్నాయి.

రెండో ఏడాది గాల్వే నుంచి సముద్రపు ఒడ్డు వెంట దాదాపు 45 కిలోమీటర్లు పడమటికి వెళితే వచ్చే కారారోలో, ఒక కుటుంబం ఉంటున్న ఇంట్లో గది తీసుకున్నాను. ఇది గేల్టాక్ట్, అంటే ఐరిష్ భాష ఇంటి భాషగా నిలిచిన ప్రాంతం. దారి బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి, ఇంగ్లీషు పేరు మాత్రమే తెలిసినవారు మలుపు దాటిపోతారు. 2022 జనాభా లెక్కల ప్రకారం బడికి వెలుపల రోజూ ఐరిష్ మాట్లాడేవారు దేశం మొత్తం మీద దాదాపు 72 వేల మందే. ఆ కొద్దిమందిలో కొందరి వంటింట్లో కూర్చుని టీ తాగే అవకాశం నాకు దక్కింది.

ఆ వంటిల్లు నా వృత్తికి చేసిన మేలు చెప్పకుండా ఉండలేను. ఐరిష్‌లో పడవను బాడ్ అంటారు. నా పడవ అనవలసి వస్తే మో వాడ్ అవుతుంది. ఈ సంగతి తెలియని థెరపిస్టు, నాలుగేళ్ళ పాప వాడ్ అనగానే బకారం పలకడం లేదని కాగితం మీద రాసేస్తారు. నిజానికి ఆ పాప వ్యాకరణాన్ని సరిగ్గా పాటించింది. అలాగే బావి తొబర్, మన బావి ఆర్ దొబర్. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు బడిలో చదివిన గసడదవాదేశం గుర్తుకొచ్చింది: అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అవుతారు, అక్కడా తకారమే దకారమయింది. కారణాలు వేరు గాని చెవికి అందే తీరు ఒకటే. వాళ్ళ త కూడా మన త లాగే పళ్ళకు నాలుక తాకి పలికేది. నా దగ్గర పుస్తకం ఉంది అని మనం అన్నట్టే వారూ పుస్తకం నా దగ్గర ఉంది అంటారు. వారి భాషలో కలిగి ఉండడం అనే క్రియ లేదు. క్రియ మాత్రం మనకు చివర వస్తే వారికి మొదట వస్తుంది. నేను ఐరిష్‌లో పరీక్ష చేసేదాన్ని కాదు, ఆ భాష వచ్చిన సహోద్యోగి గాని తల్లిదండ్రులు గాని పక్కన ఉండేవారు. రెండు భాషల పిల్లలకు నిజంగా ఇబ్బంది ఉంటే అది రెండింటిలోనూ కనిపిస్తుంది కాబట్టి, ఇంగ్లీషులో మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి ఆ వంటింటి మాటలు నాకు ఎంతో ఉపయోగపడ్డాయి.

2025 జనవరి 24న ఏయోవిన్ తుఫాను వచ్చినప్పుడు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ రోజు దగ్గరలోని మేస్ హెడ్ వద్ద గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. దేశంలో ఏడు లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. పల్లెల్లో నీటి మోటారు కరెంటుతో నడుస్తుంది కనుక చాలా ఇళ్ళలో నీళ్ళు కూడా ఆగిపోయాయి. మా ఇంట్లో పీట్ గడ్డలు, అంటే బురదనేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డలు కాల్చే పొయ్యి ఉండడం వల్ల ఒక గది వెచ్చగా ఉంది, కెటిల్ కాగింది. ఇంటిని ఎంచుకునేటప్పుడు కరెంటు లేకుండా మండే పొయ్యి ఉందా అని అడగడం ఆ రోజు నుంచి నా నియమం. ఈ బసకు ఉన్న లోపం ఒక్కటే: జూన్ నుంచి ఆగస్టు వరకు ఐరిష్ నేర్చుకోవడానికి వచ్చే బడిపిల్లలకు ఇలాంటి ఇళ్ళన్నీ వసతి ఇస్తాయి, అప్పుడు మనకు చోటుండదు.

సేవల్లో నాకు అన్నిటికన్నా అక్కరకు వచ్చింది ఎయిర్‌కోడ్. 2015లో మొదలైన ఈ ఏడక్షరాల చిరునామా ప్రతి ఇంటికీ వేరుగా ఉంటుంది. నంబరు లేని ఇళ్ళు చెల్లాచెదురుగా ఉన్న చోట అపాయింట్‌మెంటు పెట్టుకునేటప్పుడే దాన్ని రాసుకోవాలి. ఫోను సంకేతం కొండల మధ్య పోతుంది గనుక మ్యాపు ముందే దించుకోవాలి. స్థానిక రేడియోలో మరణవార్తలు చదువుతారు. ఊళ్ళో అంత్యక్రియలు ఉన్న రోజు ఎవరూ క్లినిక్కుకు రారు, అది తప్పు కూడా కాదు. 2025 ఫిబ్రవరి నుంచి పల్లెల లోపలి దారుల్లో వేగపరిమితి 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గింది, కాబట్టి పాత లెక్కలతో రోజుకు ఐదు ఇళ్ళు ఒప్పుకోకండి. పల్లెల్లో తిరిగే లోకల్ లింక్ చిన్న బస్సులు పెద్దవారికి ఎంతో ఆసరా, మన పనివేళలకు మాత్రం సరిపోవు. దీవులకు వెళ్ళవలసి వస్తే రాసవీల్ రేవు నుంచి ఇనిష్‌మోర్ దీవికి పడవలో నలభై నిమిషాలే, అయినా అలలు పెద్దవైతే తిరుగు పడవ రద్దవుతుంది. రాత్రి మందులు, ఒక జత బట్టలు, పరీక్ష సామగ్రి నకలు సంచిలో ఉండాలి.

ప్రస్తుతం మేయోలోని ఎరిస్ ప్రాంతంలో, బెల్‌ముల్లెట్ దగ్గర ఒంటరి ఇంట్లో ఉన్నాను. ఇక్కడ నా పని ఎక్కువగా పెద్దవారితో, పక్షవాతం వచ్చాక మింగడం కష్టమైన వారితో; మాటతో పాటు మింగడం కూడా మా పనిలో భాగమే. ద్రవం ఎంత చిక్కగా ఉండాలో అంతర్జాతీయ కొలమానంలో సున్నా నుంచి నాలుగు దాకా అంచెలుంటాయి. జీవితమంతా పలుచని వేడి టీ తాగిన మనిషికి రెండో అంచె టీ, అంటే పొడి కలిపి చిక్కబరిచిన టీ ఇవ్వమని చెప్పడం నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైన పని. వారి వంటింట్లో, వారి కప్పులో, నేనే ఆ పొడి కలిపి, ముందు నేను తాగి చూపిస్తాను. క్లినిక్కులో వద్దన్నవారు అక్కడ ఒప్పుకున్నారు.

ఇల్లు వెచ్చనిది, అద్దె క్లిఫ్డెన్ కన్నా నయం, కిటికీలోంచి చూస్తే చెట్టు లేని బురదనేల ఆకాశం దాకా పోతుంది. అయితే అద్దె ఇళ్ళు చాలా అరుదు, సరుకులకు ప్రతిసారీ బండి తీయాలి, మాట వినడానికి మాత్రం రోగుల ఇళ్ళకే వెళ్ళాలి. అందుకే వచ్చే సెప్టెంబరుకు కారారోలోని పాత గది మళ్ళీ అడిగాను. మే నెలాఖరుకు ఖాళీ చేస్తానని ఈసారి కాగితం మీద రాసిస్తే ఉంచుతానని ఇంటావిడ అన్నారు, రాసిచ్చాను.