వేరొకరు కట్టిన హాట్ రాడ్‌ని మనది చేసుకోవడం: 7 ఏళ్లు, 22 వేల మైళ్ల తర్వాత నా మాట

హాట్ రాడ్ అంటే పాత తరహా కారుని వేగం కోసం మార్చి కట్టిన బండి. నా కారు అప్పగించిన రోజు, దాన్ని కట్టిన పెద్దాయన తాళాలతో పాటు ఒక అట్టపెట్టె కూడా చేతిలో పెట్టారు. అందులో పాత రసీదులు, మిగిలిపోయిన బోల్టులు, పెన్సిల్‌తో రాసుకున్న ఒక నోట్‌బుక్. ఆ రోజు నా కళ్లన్నీ కారు మీదే. పెట్టెను డిక్కీలో పడేసి ఇంటికి వచ్చేశాను. ఇవాళ ఎవరైనా "కట్టేసిన హాట్ రాడ్ కొంటున్నాను, ఏం చూసుకోవాలి?" అని అడిగితే, ముందు అలాంటి పెట్టె ఉందేమో అడగమంటాను. పెయింటు తర్వాత చూసుకోవచ్చు.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ప్లేనోలో. 2018 మార్చిలో ఓక్లహోమా వెళ్లి ఈ కారు కొన్నాను. 1932 ఫోర్డ్ త్రీ విండో కూపే, అంటే రెండు తలుపులకీ వెనకా కలిపి మూడే కిటికీలున్న కారు. బాడీ ఆనాటి ఉక్కుది కాదు, అదే ఆకారంలో ఫైబర్‌గ్లాస్‌తో చేసింది. పైకప్పు 3 అంగుళాలు కోసి కిందికి దించారు. మడ్‌గార్డులు లేవు. తలుపులు అసలు కారుకున్నట్టే వెనక్కి తెరుచుకుంటాయి. లోపల షెవర్లే 350 (ఘనపు అంగుళాల) ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేరుబాక్స్, వెనక ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్.

ఫోర్డ్‌లో షెవర్లే ఇంజనేమిటని మనవాళ్లు ప్రతి ఒక్కరూ అడుగుతారు. 1932లో ఫోర్డ్ 65 హార్స్‌పవర్ ఫ్లాట్‌హెడ్ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ని సామాన్యుడు కొనగలిగే కారులో పెట్టింది. తర్వాతి రోజుల్లో కాలిఫోర్నియా కుర్రాళ్లు ఆ కార్లే సెకండ్‌హ్యాండ్‌లో కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించారు. హాట్ రాడ్ పుట్టింది అక్కడే. 1955లో షెవర్లే స్మాల్‌బ్లాక్ వి8 వచ్చాక, తేలిగ్గా ఉండి, చవగ్గా దొరికి, స్పేర్లు ఏ ఊళ్లోనైనా ఉండే ఆ ఇంజనే మెల్లగా వీటన్నిటిలోకీ చేరింది. నా 350 ఆ కుటుంబానిదే. ఏడేళ్లలో దానికి ఆయిలు, ప్లగ్గులు, ఒక వాటర్ పంపు తప్ప ఏమీ చెయ్యలేదు.

నేను మొదటి నెలలోనే చేసిన తప్పు చక్రాలు మార్చడం. పెద్దాయన 15 అంగుళాల ఉక్కు చక్రాలకి చిన్న క్యాపులు పెట్టారు. నాకు అవి మరీ సాదాగా కనిపించాయి. 2,400 డాలర్లు పోసి 18 అంగుళాల మెరిసే అల్లాయ్ చక్రాలు వేయించాను. టైరు పలచబడేసరికి ప్రతి గుంతా నడుముకి తెలిసింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు సస్పెన్షన్ రాడ్డుకి రాసుకునేది. చూపులకీ నప్పలేదు, పట్టు పంచె మీద స్పోర్ట్స్ షూ వేసినట్టుండేది. ఆరు నెలలకి సగం ధరకి అమ్మేసి పాతవే బిగించాను. అదృష్టం, పాతవి గ్యారేజీలోనే దాచాను. అప్పటి నుంచి ఈ కారులోంచి తీసిన ఏ వస్తువూ నేను పారెయ్యలేదు.

ఆ తర్వాతే ఒక పద్ధతికి వచ్చాను. ఏదైనా మార్చే ముందు, ఆయన అలా ఎందుకు చేశారో తెలుసుకోవాలి. కొన్నిటికి గట్టి కారణం ఉంటుంది. కొన్నిటిని డబ్బు చాలక అలా వదిలేసి ఉంటారు. కొన్ని నిజంగా పొరపాట్లు. ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

బ్రేకుల సంగతే చూడండి. పొద్దున బండి తీసినప్పుడు మొదటిసారి పెడల్ సగం దాకా దిగిపోయేది. రెండోసారి నొక్కితే గట్టిగా ఉండేది. పాత కారు కదా, ఇంతే కాబోలు అనుకుని రెండు నెలలు తిరిగాను. అలా తిరగకూడదు. ఈ కార్లలో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని తోసే భాగం) డ్రైవర్ కాళ్ల కింద, ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది. ముందు డిస్క్ బ్రేకుల కన్నా అది కిందికి ఉంటే, బండి ఊరికే నిలబడినప్పుడు ద్రవం మెల్లగా వెనక్కి జారిపోతుంది. అలా జారకుండా లైనులో 2 పౌండ్ల ప్రెషర్ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ ఒకటి ఉండాలి. నోట్‌బుక్ తీసి చూస్తే "డిస్కులకి వాల్వ్ వెయ్యాలి" అని రాసి, పక్కన టిక్కు పెట్టలేదు. తక్కువ ధర వాల్వ్, ఒక మధ్యాహ్నం పని. డ్రమ్ముల కోసం వచ్చే 10 పౌండ్ల వాల్వ్‌ని పొరపాటున డిస్కులకి వేస్తే బ్రేకు పట్టుకుపోతుంది, అది గుర్తుంచుకోండి. ఇలాంటి కార్ల వాళ్ల సంఘం నేషనల్ స్ట్రీట్ రాడ్ అసోసియేషన్‌కి 23 అంశాల భద్రతా తనిఖీ ఒకటుంది. బండి కొనే ముందు ఆ పట్టిక దగ్గర పెట్టుకుని చూసి ఉంటే నాకు ఆ రెండు నెలల టెన్షన్ తప్పేది.

పెట్రోలు ముల్లు ఇంకో కథ. ట్యాంకు నింపితే ముల్లు అట్టడుగుకి పడేది, పెట్రోలు అయిపోయేకొద్దీ పైకి లేచేది. ఫోన్ చేసి అడిగితే పెద్దాయన తాపీగా "అవును, అది తిరగేసి చూపిస్తుంది, నేను మైళ్లు లెక్కపెట్టుకుంటాను" అన్నారు. ట్యాంకులో ఎంత ఉందో కొలిచి మీటరుకి పంపే భాగాన్ని సెండర్ అంటారు. మా ట్యాంకులో ఉన్నది ఫోర్డ్ తరహాది: ఖాళీకి 73 ఓమ్‌లు, నిండుకి 10. డాష్‌బోర్డులో ఆయన తర్వాత మార్చిన మీటరు జీఎం తరహాది: ఖాళీకి 0, నిండుకి 90. రెండూ ఒకదానికొకటి ఎదురు. సెండర్ మార్చాను, సరిపోయింది. కట్టిన మనిషికి ఇలాంటివి లోపాలుగా కనిపించవు. బండి వాడే విధానమంతా ఆయన తలలోనే ఉంటుంది. తాళం చేతులు మారినప్పుడు అది మనకి రాదు. అందుకే కొన్నాక మొదటి ఏడాది ఆయనకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ఒక్కసారీ విసుక్కోలేదు.

వైరింగ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ కారు నాదయింది అక్కడే. డాష్‌బోర్డ్ కింద పడుకుని టార్చి వేస్తే, ఉన్న తీగలన్నీ ఎర్రవే. ఒకే చుట్టలోంచి కోసి బండి మొత్తానికీ లాగారు. దానికి తోడు బాడీ ఫైబర్‌గ్లాస్. ఉక్కు కారులో బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది, దీపానికి ఒక తీగ వెళితే చాలు. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు తిరిగి వచ్చే దారి ఉండదు, ప్రతి దీపానికీ విడిగా రెండో తీగ కావాలి. మా బండిలో వెనక దీపాలు రెండూ కలిసి ఒకే సన్నని తీగ మీద బతుకుతున్నాయి. బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకబారేది.

2019 వేసవిలో మూడు వారాంతాలు దాని మీదే కూర్చున్నాం. కూర్చున్నాం అన్నది నిజం, మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు, టార్చి దాని చేతిలో. నేను కింద నుంచి ఒక తీగను మీటరుతో పరీక్షిస్తే, అది బయట నిలబడి "నాన్నా, కుడి పక్క వెనక దీపం వెలిగింది!" అని అరిచేది. తెల్ల గుడ్డ టేపు ముక్క కోసి, మార్కర్‌తో పేరు రాసి, తీగకి చుట్టేది. మనబడిలో (ఇక్కడి తెలుగు బడి) తెలుగు రాయడం అప్పుడప్పుడే వస్తోంది దానికి. ఎవరూ చెప్పకుండానే తెలుగులో రాయడం మొదలుపెట్టింది: "కుడి దీపం", "ఎడమ దీపం", "హారను", "ఫ్యాను". ఫ్యానుకి న వత్తు పెట్టి చెరిపేసిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఎర్త్ తీగలన్నిటినీ డాష్‌బోర్డ్ వెనక ఒక ఇత్తడి పట్టీ మీదికి చేర్చి, అక్కడి నుంచి బ్యాటరీకి, ఫ్రేమ్‌కి, ఇంజన్‌కి లావు కేబుళ్లు వేశాను. రేపు ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా ఇబ్బంది పడకుండా అవే పేర్లు ఇంగ్లీషులో పెద్దాయన నోట్‌బుక్‌లోనే, ఆయన రాత ఆగిపోయిన పేజీ తర్వాత రాసి పెట్టాను.

సీటు. పెద్దాయన ఆరడుగుల రెండంగుళాలు, నేను ఐదున్నర. పైకప్పు కోసేసిన కారు కాబట్టి ఆయన తల తగలకుండా సీటుని దాదాపు నేల మీద పెట్టుకున్నారు. నేను కూర్చుంటే స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనిపించేది కాదు, బ్రేకు నొక్కాలంటే వీపు సీటుని వదిలేది. మొదట్లో దిండు వేసుకుని నడిపాను. తర్వాత ఒక సీట్ల దుకాణంలో పాత ఫోమ్ తీయించి, గట్టి ఫోమ్‌తో రెండున్నర అంగుళాలు ఎత్తు పెంచి, వీపు భాగం ముందుకు తెప్పించాను. పై తోలు ఆయన వేయించినదే, అదే మళ్లీ కుట్టించాను. 700 డాలర్లయింది. డబ్బుకి తగ్గ ఫలితం చూస్తే ఈ కారు మీద నేను పెట్టిన మంచి ఖర్చు ఇదే. కొత్త యజమాని ముందు ఒళ్లు కుదుర్చుకోవాలి, సోకులు ఆ తర్వాత.

గేరుబాక్స్ 2020లో మార్చాను. పాతది మూడు గేర్లది. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.70, టైరు ఎత్తు 29 అంగుళాలు, అంటే 70 మైళ్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. గంట ప్రయాణానికి చెవులు దిబ్బడ వేసేవి. 200-4ఆర్ అనే ఓవర్‌డ్రైవ్ గేరుబాక్స్ వేయించాను, పై గేరులో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. దాని పొడవు పాతదానితో సమానం కాబట్టి డ్రైవ్‌షాఫ్ట్ కోయక్కర్లేదు, కింది మౌంటు మాత్రం సుమారు అర అడుగు వెనక్కి జరపాలి. అదే వేగంలో ఇప్పుడు 2,000. ఒక్క హెచ్చరిక: కార్బురేటర్ నుంచి దానికి వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ కొలత తప్పితే లోపలి ప్రెషర్ తగ్గి కొద్ది మైళ్లలోనే గేరుబాక్స్ కాలిపోతుంది. బిగించిన దుకాణంలో ఆ కొలత సరిచూడకుండానే "తీసుకెళ్లండి" అన్నారు. నేను ప్రెషర్ గేజ్ పెట్టించే దాకా కదల్లేదు.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. 2,000 చుట్ల దగ్గర సైలెన్సర్ల నుంచి గుయ్యిమనే మోత మొదలైంది. పాత గేరుబాక్స్‌తో ఆ చుట్ల దగ్గర నిలకడగా ఎప్పుడూ నడపలేదు కాబట్టి పెద్దాయనకి అది తెలిసే అవకాశమే లేదు. మా ఆవిడకి డెంటన్ దాకా వెళ్లేసరికి తలనొప్పి. సైలెన్సర్లు మార్చి, రెండు గొట్టాల్నీ కలుపుతూ మధ్యలో అడ్డ గొట్టం వేయించాక గాని తగ్గలేదు.

ఏసీదీ ఇదే వరస. టెక్సస్ ఆగస్టులో, నల్లటి లోపలి గుడ్డతో, ఇంత చిన్న కిటికీలతో ఏసీ లేకుండా పిల్లల్ని ఎక్కించలేను. ఇలాంటి కార్లకే ఏసీలు చేసే వింటేజ్ ఎయిర్ వాళ్లది మన టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియో. యూనిట్ డాష్‌బోర్డ్ కింద చక్కగా ఇమిడింది, చల్లగా ఉంటుంది. అయితే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందుకి రాగానే ఇంజన్ వేడి పెరిగింది. 1932 ఫోర్డ్ గ్రిల్ పొడుగ్గా, సన్నగా ఉంటుంది, గాలి పోయే చోటు తక్కువ. ఫ్యానుకి పూర్తి ష్రౌడ్ (గాలి పక్కకి పోకుండా చుట్టూ తొడుగు), ఫ్యానుకి రిలే, పెద్ద ఆల్టర్నేటర్ అన్నీ తర్వాత వచ్చాయి. ఏసీకి అనుకున్న బడ్జెట్‌కి ఇంకో సగం కలుపుకోండి.

పెయింటు ముట్టుకోలేదు. ముదురు మెరూన్, ఆయన తన షెడ్డులో స్వయంగా కొట్టింది. దగ్గరగా చూస్తే ఎడమ తలుపు కింద చిన్న జారుడు గీత ఉంది. ఉండనిచ్చాను. గ్లవ్ బాక్స్ మూత లోపల ఆయన, ఆయన భార్య పెన్సిల్‌తో రాసుకున్న రెండు పేర్లు, మొదటిసారి బయటికి తీసిన తేదీ ఉన్నాయి. పెన్సిల్ చెరిగిపోకుండా పైన పలచగా క్లియర్ పూత వేయించాను.

నా గుర్తు డిక్కీ మూత మీద ఉంది. హాట్ రాడ్ల మీద కుంచెతో సన్నని గీతలు లాగే పిన్‌స్ట్రైపింగ్‌ని 1950లలో వాన్ డచ్ అనే పేరుతో కెన్నీ హోవర్డ్ అనే ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఫోర్ట్ వర్త్ దగ్గర టెక్సస్ మోటార్ స్పీడ్‌వేలో జరిగే గుడ్‌గైస్ అనే హాట్ రాడ్ల ప్రదర్శనలో ఆ పని చేసే ఒకాయన పరిచయమయ్యారు. అప్పుడు మా అమ్మ విజయనగరం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. అమ్మ కాగితం మీద 5 చుక్కల మెలిక ముగ్గు వేసి ఇచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, సుద్దతో డిక్కీ మీద చుక్కలు పెట్టుకున్నారు. ఉడుత వెంట్రుకల, కత్తి ఆకారపు కుంచెని వన్ షాట్ అనే ఎనామెల్ పెయింటులో ముంచి, పాత పత్రిక అట్ట మీద అటూ ఇటూ రాచి, ఊపిరి బిగపట్టి లాగడం మొదలుపెట్టారు. మూడో చుక్క దగ్గర ఆగారు, గీత ఎటు తిరగాలో తెలియక. అమ్మ దగ్గరికి వెళ్లి, పెయింటుకి తగలకుండా గాలిలో వేలితో చూపించింది. "ఇటు చుట్టి కిందికి రమ్మను నాయనా, మెలిక తెగకూడదు." నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆయన చెయ్యి కదిలింది. ఎండాక తడి గుడ్డతో సుద్ద చుక్కలు తుడిచేశారు. ఐవరీ రంగు గీత ఒక్కటే మిగిలింది.

అంతా కలిపి, కొన్న 34 వేల డాలర్లు కాక ఏడేళ్లలో ఇంకో 15 వేలు దాటాయి. అమ్మితే అది తిరిగి రాదు. ఇన్సూరెన్సు మాత్రం ముందే విలువ ఒప్పుకుని రాసుకునే తరహాది తీసుకోండి, మామూలు కారు పాలసీలో తరుగు లెక్కకడతారు. కొనే ముందు టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు, ఫ్రేమ్ మీది నంబరు ఒకటేనా అని మీ కళ్లతో చూడండి. ఇంకా మిగిలిన లోపాలు: వాన పడితే ముందు చక్రాల నీళ్లన్నీ తలుపుల మీదికే వస్తాయి, వెనక అద్దంలోంచి దాదాపు ఏమీ కనిపించదు, సామాన్లకి చోటు లేదు. వీటితో సర్దుకోగలిగితేనే ఇటు రండి.

గత అక్టోబరులో పెద్దాయన ఇంటికి ఈ కారులోనే వెళ్లాం. చుట్టూ తిరిగి, వంగి, బ్రేకు లైను చూసి, వాల్వ్ మీద వేలు పెట్టి తలూపారు. డాష్‌బోర్డ్ కింద తెలుగు టేపు ముక్కలు చూసి, ఇవేం భాష అని మా అమ్మాయిని అడిగి, ఒక్కొక్కటీ చదివించుకున్నారు. తర్వాత తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చోబోయారు. ఎత్తు పెంచిన సీటు కదా, తల పైకప్పుకి తగిలింది, మోకాళ్లు డాష్‌బోర్డుకి ఆనుకున్నాయి. మెల్లగా దిగి, అటు పక్కకి నడిచి వెళ్లి, పక్క సీట్లో కూర్చున్నారు. గ్లవ్ బాక్స్ మూత తెరిచి, పెన్సిల్ పేర్లు చూసుకుని, మూసి, "పోనీ, నువ్వే నడుపు" అన్నారు.