కామో నదా, షిమాంతో నదా?

జపాన్‌లో ఒక్క నదే చూసే వీలుంటే? క్యోటో నగరం మధ్యలో పారే కామో చేరడానికి సులువు. సాయంత్రమైతే గట్టు నిండా జనమే. దెమాచి దగ్గర తాబేలు ఆకారపు రాళ్ల మీద పిల్లలు గెంతుతూ నది దాటేస్తుంటారు. కానీ 1935లో ఇదే నది ఊరిని ముంచింది. ఆ తర్వాతే అడుగు తవ్వి, గట్లు కట్టి దారికి తెచ్చారు.

నా మనసు మాత్రం షికోకు దీవిలోని షిమాంతోదే. పొడవు 196 కి.మీ., ప్రధాన ప్రవాహం మీద పెద్ద డ్యామ్ లేదు. అక్కడి చింకాబాషి వంతెనలకు రెయిలింగే ఉండదు. వరదొస్తే మునిగిపోవాలని, కొట్టుకొచ్చే మానులు తగులుకోకుండా పైనుంచి పోవాలని అలా కట్టారు. నీళ్లు తగ్గాక మళ్లీ వాటి మీదే రాకపోకలు. కింద తేటనీటిలో అయు చేపలు.

టైం తక్కువైతే కామో. రెండు రోజులుంటే షిమాంతోకే వెళ్లండి.