బ్యాంకా, వంటిల్లా, శవపరీక్ష గదా? జపాన్ సీరియళ్లలో ఏది మేలు

జపాన్ సీరియళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లలో చాలామంది కొరియా సీరియళ్లు చూసి ఇటు మళ్లినవాళ్లే. వాళ్లు ముందుగా వెతికేది ప్రేమకథ. సరిగ్గా అక్కడే దెబ్బ తింటారు. జపాన్ సీరియల్లో నాయకుడు నాయిక చెయ్యి పట్టుకునేసరికి సగం కథ అయిపోతుంది. నా మటుకు వాళ్ల అసలు బలం ప్రేమలో లేదు, ఉద్యోగంలో ఉంది. జీతం, అప్పు, పై అధికారి, వంట, రిపోర్టు... వీటితో కథ నడపమంటే వాళ్ల తర్వాతే ఎవరైనా. అందుకే నేను చూసినవాటిని ఒక్క కొలతతోనే తూచుతున్నాను: పాత్ర చేసే పనిని కథ నిజంగా పట్టించుకుందా, లేక వెనకాల తెరలా వేలాడదీసిందా?

ముందు పేరు మోసినదాని సంగతి. 'హన్‌జావా నావోకి', 2013, టీబీఎస్ చానల్. పది భాగాలే. చివరి భాగానికి టోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగ్ వచ్చింది. మూల నవలలు రాసిన ఇకేయిదో జున్ ఒకప్పుడు బ్యాంకు ఉద్యోగి, ఆ వాసన మొదటి భాగం నుంచే తెలుస్తుంది. ఒసాకాలో ఒక బ్రాంచి. ఒక ఉక్కు కంపెనీకి హామీ లేకుండా 50 కోట్ల యెన్ల అప్పు. ఇమ్మని తొందరపెట్టింది బ్రాంచి మేనేజరు. కంపెనీ మునిగాక నింద మాత్రం లోన్ల విభాగం చూసే హన్‌జావా మీద. ఏదైనా ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసినవాళ్లకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

హన్‌జావాగా సకాయి మసాతో కళ్లు పెద్దవి చేసి, రెట్టింపు తిరిగిచ్చేస్తానని అరుస్తుంటే ఇంట్లో కూర్చునే ఈల వేయాలనిపిస్తుంది. పక్కా మాస్ సినిమా. ఎదురుగా బ్యాంకు పెద్ద అధికారి ఒవాదాగా కగావా తెరుయుకి. బోర్డు గదిలో ఆయన మోకాళ్ల మీద కూలబడే దృశ్యంలో ఆ దవడ కండరాలు ఒక్కొక్కటీ విడివిడిగా నటిస్తాయి. కానీ ఇదంతా అయ్యాక నాకో వెలితి మిగిలింది. హన్‌జావాకి బ్యాంకు పని ఒక ఆయుధం, అంతే. ఆ అప్పు ఏ చిన్న ఫ్యాక్టరీని నిలబెట్టింది, ఎవరి జీతాలు ఆగిపోయాయి అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా కథ మళ్లీ పగ వైపు పరుగెడుతుంది. నాన్న స్క్రూల ఫ్యాక్టరీ గతం ఉంది, బాగుంది, అదీ పగకి ఆజ్యమే. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం: భార్య హనా ఇంట్లో భర్తకి ధైర్యం చెప్పడానికే ఉంది. 2020లో వచ్చిన రెండో సీజన్‌లో అరుపులు ఇంకా పెరిగాయి. మొదటిది చూసి ఆపేస్తే నష్టం లేదు.

హన్‌జావా ఇంట్లో ఊరికే వదిలేసిన ఆ వంటింటిని పట్టుకున్నది 'నిగెహాజి'. 2016లో అదే చానల్‌లో వచ్చింది, పదకొండు భాగాలు. మికురి పెద్ద చదువులు చదివింది, కాంట్రాక్టు ఉద్యోగం పోయింది. నాన్న ఎవరికో చెప్పి ఒక ఐటీ ఇంజనీరు ఇంట్లో ఇల్లు సర్దే పని ఇప్పించాడు. అమ్మానాన్నలు ఊరు మారుతుంటే ఆమె ఆ ఇంజనీరు ముందు ఒక ప్రతిపాదన పెట్టింది: కాగితం మీద పెళ్లి చేసుకుందాం, ఇంటిపని నా ఉద్యోగం, నెలకి జీతం ఇవ్వు. హిరామసా ఏం చేశాడు? అద్దె, కరెంటు, తిండి ఖర్చు లెక్క వేసి చూసి సరే అన్నాడు! జీతం 1,94,000 యెన్లు. దేశమంతా కాలు కదిపిన చివరి పాట డాన్సూ, మికురిగా అరగాకి యుయి నవ్వూ చూసి ఇది తీపి కథ అనుకుంటే పొరపాటే. ఇద్దరూ నిజంగా ప్రేమలో పడ్డాక, పదో భాగంలో హిరామసా అసలు పెళ్లి ప్రస్తావన తెస్తాడు. పెళ్లయితే జీతం ఇవ్వక్కర్లేదు, ఎంత మిగులుతుందో లెక్క కూడా చూపిస్తాడు. ఆమె ఎగిరి గంతేయదు. నీ మీద ఇష్టం ఉంది కదా అని నా పనిని ఉచితంగా వాడుకోవడం దోపిడీ అంటుంది. ప్రేమకథలో క్లైమాక్స్ ముందు ఇంత కచ్చితంగా వేతనం సంగతి ఎత్తిన సీరియల్ ఇంకోటి నేను చూడలేదు. మన ఇళ్లలో ఈ భాగం చూస్తే పక్కన కూర్చున్న మొగుడు నీళ్లు తాగే నెపంతో లేచి వెళ్లిపోతాడు.

లోపం లేకపోలేదు. మధ్యలో రెండు మూడు భాగాలు సిగ్గుపడటంతోనే గడిచిపోతాయి. ఆ వయసు దాటినవాళ్లకి విసుగే. అయితే మికురి పెద్దమ్మ యురి పాత్ర ఆ లోటు తీరుస్తుంది, పెళ్లి కాని నడివయసు ఉద్యోగిని మీద జాలి చూపకుండా రాశారు. 2021 కొత్త సంవత్సరానికి వచ్చిన ప్రత్యేక భాగం గర్భం, తండ్రికి సెలవు గొడవల్లోకి వెళ్లింది. అదే ఏడు మికురి, హిరామసాలుగా నటించిన ఇద్దరూ నిజంగానే పెళ్లి చేసుకున్నారు, అది అభిమానుల అదృష్టం.

టీవీ కోసం 'నిగెహాజి'ని మలిచిన నోగి అకికో 2018లో సొంత కథగా 'అన్‌నాచురల్' రాసింది. నా ఓటు దీనికే. అసహజ మరణాల కారణాలు తేల్చే ఒక కల్పిత ప్రయోగశాల. డాక్టరు మిసుమి మికోతోగా ఇషిహారా సతోమి. శవపరీక్షల సీరియల్ అనగానే చీకటి గదులు, నీలి దీపాలు ఊహించుకోకండి. మికోతో పొద్దున్నే బట్టలు మార్చుకునే గదిలో రొయ్యల వేపుడు వేసిన అన్నం గిన్నె పట్టుకుని కూర్చుంటుంది. ఆమె బాల్యంలో ఏం జరిగిందో తర్వాత తెలిశాక, ఆ అన్నం తినడం ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది. కథ అక్కడ ఏడుపు సంగీతం వేయదు.

దీనికి మిగతావాటి కంటే పై మెట్టు ఎందుకిస్తున్నానంటే, ఇక్కడ పని గెలిపించదు. నిజం తేలుతుంది, చనిపోయినవాడు రాడు. నాలుగో భాగంలో ఒక కేకుల ఫ్యాక్టరీ కార్మికుడు బైకు మీద వెళ్తూ చనిపోతాడు. తప్పు అతిగా పని చేయించిన ఫ్యాక్టరీదా, జబ్బు పసిగట్టని ఆసుపత్రిదా, బైకు బాగుచేసిన షాపుదా? ముగ్గురూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు, మధ్యలో భార్యాపిల్లలు. హన్‌జావా అయితే ఇక్కడ యజమాని చేత మోకాళ్లు వంచించేవాడు. మికోతో బృందం గాయం ఎక్కడ, ఎప్పుడు తగిలిందో వెతుక్కుంటూ వీధుల్లోకి దిగుతుంది. మూడో భాగంలో కోర్టు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మికోతోని ప్రాసిక్యూటరు ఆడదానివి, ఆవేశపడుతున్నావు అని పక్కకి తోసేస్తాడు. తర్వాత బోనులోకి వెళ్లింది నకదో అనే మగ డాక్టరు. అదే శాస్త్రం, వినేవాళ్ల చెవులు మాత్రం మారాయి. రచయిత్రి దీన్ని గెలుపులా చూపించి చప్పట్లు అడగలేదు, అదే నాకు నచ్చింది. నకదో వెతుకుతున్న హంతకుడి కథ చివరి భాగాల్లో కొంచెం సినిమాటిక్ అయిందని ఒప్పుకుంటాను. నకదోగా ఇఉరా అరాతా నటన దాన్ని కాపాడింది.

ఆ ప్రయోగశాల పెద్దగా నటించిన పొడుగాటి మనిషిని గుర్తుపెట్టుకోండి: మత్సుషిగే యుతాకా. 'మిడ్‌నైట్ డైనర్'లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఎర్ర సాసేజీలు తినే ముఠా మనిషి ఆయనే. 2012 నుంచి 'కొదోకు నో గురుమే'లో ఒంటరిగా భోంచేసే గోరో కూడా ఆయనే. ఈ రెండింటిలో ఏది అంటే తేలిగ్గా చెప్పగలను. 'మిడ్‌నైట్ డైనర్' టోక్యోలోని షింజుకు సందుల్లో అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 7 దాకా తెరిచి ఉండే చిన్న హోటల్. మెనూలో పంది మాంసం మిసో సూపు ఒక్కటే, మిగతాది ఏమడిగితే అది, సరుకులుంటే చేసిపెడతాడు. యజమానిగా కొబయాషి కవోరు మౌనం అద్భుతం. ఒక్కో భాగం పాతిక నిమిషాలు, వరసగా చూడకూడదు, రోజుకి ఒకటి చాలు. వరసగా చూస్తే దుఃఖాలన్నీ ఒకే పోపు పెట్టినట్టు అనిపిస్తాయి. ఆ హోటల్‌కి లాభం ఎలా వస్తుందో కథ ఎన్నడూ పట్టించుకోదు, నా కొలతలో మార్కులు అక్కడే పోయాయి. గోరో విదేశీ వస్తువులు అమ్ముకునే చిరు వ్యాపారి. కస్టమరు సతాయిస్తాడు, ఆకలేస్తుంది, హోటల్ వెతుక్కుంటాడు, తింటాడు, అంతే కథ. హోటళ్లు నిజమైనవి. మందు ముట్టడు. అలసిపోయి ఇల్లు చేరిన రాత్రికి నేను గోరోనే ఎంచుకుంటాను. శాకాహారులకి మాత్రం ఈ రెండూ పరీక్షే.

ప్రేమకథే కావాలని పట్టుబట్టేవాళ్లకి నెట్‌ఫ్లిక్స్‌లో 'ఫస్ట్ లవ్', 2022. హొక్కైదో మంచు అందంగా ఉంది, ఉతాదా హికారు పాటలు ఉన్నాయి, జ్ఞాపకం పోవడం అనే పాత మందు కూడా ఉంది. ఆ మందు మన సినిమాలు ఎన్నిసార్లు తాగించాయో తెలుసు కదా. అందులో నాకు మిగిలింది నాయిక టాక్సీ నడిపే దృశ్యాలే.

ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే ఇవేవీ కాదు, 'ఓషిన్'. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1983 ఏప్రిల్ నుంచి 1984 మార్చి దాకా రోజూ పొద్దున పదిహేను నిమిషాలు వేసింది. సగటు రేటింగ్ 52.6 శాతం. ఒక బస్తా బియ్యానికి పనికి పంపిన ఏడేళ్ల పిల్ల, ముసలితనానికి సూపర్‌మార్కెట్లు నడిపే కుటుంబానికి పెద్ద అవుతుంది. రచయిత్రి హషిదా సుగాకో ఆమెని దేవతని చేయలేదు, డబ్బు దగ్గర గట్టిగా ఉండే మనిషిగానే ఉంచింది. మన డైలీ సీరియళ్లకి అలవాటుపడ్డవాళ్లకి 297 భాగాలు లెక్కలోకి రావు. అంత తీరిక లేకపోతే 'అన్‌నాచురల్' నాలుగో భాగం ఒక్కటి పెట్టండి, ముందు కథ తెలియకపోయినా నడుస్తుంది.