పైన్ అడవిలో ఏది కోస్తే మేలు: పెద్ద మానా, సన్న చెట్టా?

అమెరికాలోని అరిజోనాలో కార్చిచ్చు వార్త వచ్చిన ప్రతిసారీ నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: అడవిని కోయడం మేలా, వదిలేయడం మేలా? ఏ చెట్టు కోస్తారో తెలియకుండా దీనికి జవాబు లేదు. అక్కడి ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి చుట్టూ ఉన్న పాండెరోసా పైన్ అడవినే చూద్దాం.

1882లో రైలు వచ్చాక అక్కడ కలప మిల్లులు పెరిగాయి. మిల్లుకు లావు దుంగలు కావాలి కాబట్టి ముసలి మానులే ముందు పడ్డాయి. అలా కోసిన ఏడాది అడవి పలచబడినట్టే కనిపిస్తుంది. కానీ నేలకు ఎండ తగిలి, మొలకలు ఒక్కసారిగా లేస్తాయి. మునుపు కొన్నేళ్లకోసారి నేలబారుగా పాకే మంట ఆ మొలకలను ఏరివేసేది. ఆ మంటను మోసే గడ్డిని పశువులు మేసేశాయి, మిగిలిన మంటను మనుషులు ఆర్పేశారు. 1919లో విత్తనమూ వానా కలిసొచ్చి పుట్టిన మొక్కలు నేటికీ గుంపులు గుంపులుగా, వందేళ్లు దాటినా లావెక్కక నిలబడి ఉన్నాయి.

కోయకుండా వదిలేస్తే? అక్కడే గస్ పియర్సన్ అనే చిన్న రక్షిత అడవి ఉంది. గొడ్డలి తగలని ఆ చోట 1876లో ఎకరానికి సుమారు 23 చెట్లు ఉండేవి. 1992 నాటికి 1,250 దాటాయి. మంటను దూరంగా ఉంచి, మిగతాది ప్రకృతికి వదిలేశామనుకుంటే జరిగేది ఇదే.

నా మొగ్గు మూడో దారివైపు. నువ్వుల చేలో ఒత్తు మొక్కలు తీసినట్టు కింది వరస సన్న చెట్లను తీసి, పెద్ద మానులను ఉంచాలి. లెక్క చూడవలసింది ఎన్ని కోశామన్నది కాదు, ఏవి మిగిల్చామన్నది. ముసలి పైన్‌కు బెరడు మందం, కింది కొమ్మలు ఎప్పుడో రాలిపోయి ఉంటాయి, నేలమంట దానికింద నుంచి పోతుంది. సన్న చెట్టు కొమ్మలు నేల దగ్గరే మొదలవుతాయి, మంటకు నిచ్చెన వేస్తాయి. పెద్దవి కోసి చిన్నవి ఉంచితే మంటను తట్టుకునేవి పోయి, దాన్ని పైకి ఎక్కించేవి మిగులుతాయి.

చిక్కల్లా డబ్బు దగ్గరే. సన్న కర్ర కాంట్రాక్టరుకు గిట్టదు, అందుకే నాలుగు పెద్ద మానులు కూడా ఇమ్మంటాడు. అక్కడ తలొగ్గితే కథ మళ్లీ 1882కే వస్తుంది. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక్క చెట్టూ మిగల్చని మొత్తం నరికివేత సంగతి ఒక్కమాటలో: ఎండ కోరే డగ్లస్ ఫర్ చెట్టుకు అమెరికా పడమటి తీరంలో అది కొంత నప్పుతుందేమో, ఇక్కడ మాత్రం ఒకే వయసు తోటను మిగులుస్తుంది.

పలుచన చేశాక కొమ్మలూ రెమ్మలూ నేలమీద వదలకూడదు, అదును చూసి కాల్చాలి. 2011లో వాలో కార్చిచ్చు 5 లక్షల ఎకరాలకు పైగా దహించినప్పుడు, ఆల్పైన్ ఊరి పక్కన ముందే పలుచన చేసిన చోట మంట చెట్ల తలల మీదినుంచి నేలకు దిగింది. అక్కడే సిబ్బంది దాన్ని ఎదుర్కోగలిగారు.